దాపటెద్దు ముందడుగు: టెలిసినీ వీడియో నుంచి అసలు ఫిల్మ్ ఫ్రేములు వెనక్కి రాబట్టిన ఒక కేసు

ఒంగోలు లాయరుపేటలో మాది చిన్న మిక్సింగ్ యూనిట్. ఇల్లు గడిచేది పెళ్లి వీడియోల మీద. పాత క్యాసెట్ల పని మాత్రం రాత్రిళ్లు కూర్చుని ఇష్టంగా చేసుకుంటాను. ఆ పనుల్లో నాకు ఎక్కువ నేర్పింది ఇది. వివరంగా రాస్తున్నాను, ఇలాంటి క్యాసెట్ చేతికొచ్చినవాళ్లు నేను తిన్న దెబ్బలు మళ్లీ తినకూడదని.

సంక్రాంతి వెళ్లాక కొత్తపట్నం వైపు పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. చేతిలో పెన్‌డ్రైవ్. 1970ల్లో వాళ్ల ఊరి తిరునాళ్లకు జరిగిన బండలాగుడు పందెం వీడియో, 41 నిమిషాలు. వాళ్ల నాయన మద్రాసు నుంచి కెమెరామన్‌ని పిలిపించి తన ఎడ్ల జతను 16 ఎంఎం ఫిల్మ్ మీద తీయించాడట.

"అబ్బాయ్, మా తమ్ముడికీ నాకూ ఎప్పటినుంచో తగువు. బండ కదిలేటప్పుడు దాపటెద్దు ముందు అడుగేసిందని నేనంటాను, ఎలపటిదని వాడంటాడు. చూసి తేల్చుకుందామంటే ఇందులో ఎద్దుకు ఆరు కాళ్లు కనపడతన్నాయి. కాళ్లు నాలుగు చేసిపెట్టు చాలు" అన్నాడు. (దాపటిది కాడికి ఎడమవైపు ఎద్దు, ఎలపటిది కుడివైపుది.)

ఫైలు తెరిచి బాణం గుర్తు మీటతో ఒక్కో ఫ్రేమూ జరిపి చూశాను. నిజమే, ఆరు కాళ్లు. నాలుగు కాళ్లు గట్టిగా, వాటి పక్కనే నీడల్లా ఇంకో రెండు. ఫైలు వివరాలు చూస్తే 720 బై 576, సెకనుకు 25 ఫ్రేములు. అక్కడే అనుమానం వచ్చింది.

"బాబాయ్, ఇది ఎక్కడ కాపీ చేయించారు?"

"తమ్ముడు అమెరికా నుంచి డీవీడీ పంపితే ఇక్కడే ఒక స్టూడియోలో ఎక్కించారు."

"ఆ డీవీడీ ఉందా?"

"బీరువాలో ఉండాలి."

"అది తెచ్చిందాకా ఈ పెన్‌డ్రైవ్‌తో నేనేం చెయ్యలేను బాబాయ్."

ఆయన ముఖం చిన్నబోయింది. అయినా పనిలో నేను తీసుకున్న మొదటి సరైన నిర్ణయం అదే. ఎందుకో చెప్పాలంటే ఆ వీడియో పుట్టిన దారి చెప్పాలి.

ఫిల్మ్ సెకనుకు 24 ఫ్రేములు. అమెరికా ఎన్‌టీఎస్‌సీ వీడియో సెకనుకు 29.97 ఫ్రేములు, ఒక్కో ఫ్రేములో రెండు ఫీల్డులు. సరి గీతలన్నీ ఒక ఫీల్డు, బేసి గీతలన్నీ ఇంకో ఫీల్డు, అంటే సెకనుకు దాదాపు 60 ఫీల్డులు. 24ని 60లో ఇమడ్చాలి కనుక టెలిసినీలో, అంటే ఫిల్మ్‌ను వీడియోగా మార్చే పనిలో, ఒక ఫిల్మ్ ఫ్రేమును రెండు ఫీల్డులకూ, తర్వాతి దాన్ని మూడు ఫీల్డులకూ పంచుతారు. రెండు, మూడు, రెండు, మూడు. నాలుగు ఫిల్మ్ ఫ్రేములు పది ఫీల్డులై ఐదు వీడియో ఫ్రేముల్లో సర్దుకుంటాయి. 1953లో రంగుల టీవీ కోసం 30ని 29.97కి తగ్గించారు కాబట్టి ఫిల్మ్ కూడా అంతే నెమ్మదించి 23.976 అవుతుంది. మన దేశంలోది పాల్ పద్ధతి, సెకనుకు 25. ఇక్కడ ఫిల్మ్‌ను కాస్త తొందరగా, 24కి బదులు 25గా నడిపి ఎక్కించేవాళ్లు, అందుకే మన మిక్సింగ్ యూనిట్లలో ఈ 2-3 లెక్క తెలిసినవాళ్లు తక్కువ.

(ఒక మాట. మన ఒంగోలు జాతి బ్రెజిల్ వెళ్లి అక్కడ 'నెలోరి' అయిందని పశువుల మీద మక్కువ ఉన్నవాళ్లందరికీ తెలుసు. ఆ దేశపు పాత టీవీ పద్ధతి పాల్-ఎం. పేరుకు పాల్ అయినా ఫీల్డుల లెక్క అమెరికాదే. మన గిత్తల మనవలను అక్కడ ఫిల్మ్ మీద తీసి టీవీకి ఎక్కించినా ఇదే 2-3 లెక్క పడుతుంది.)

నాలుగు ఫిల్మ్ ఫ్రేములను క, చ, ట, త అనుకుందాం. క రెండు ఫీల్డులు, చ మూడు, ట రెండు, త మూడు. వీడియో ఫ్రేములుగా చూస్తే కక, చచ, చట, టత, తత. ఒకటి, రెండు, ఐదు శుభ్రంగా ఉంటాయి. మూడూ నాలుగూ రెండు వేరు వేరు క్షణాలు కలిసిన ఫ్రేములు. కదలిక ఉన్నచోటల్లా దువ్వెన పళ్లలాంటి అడ్డ గీతలు వాటిలోనే కనిపిస్తాయి. ట సంగతి చూడండి. ఆ ఫ్రేము ఏ ఒక్క వీడియో ఫ్రేములోనూ పూర్తిగా లేదు, సగం మూడోదానిలో, సగం నాలుగోదానిలో ఉంది. అయినా పోలేదు. రెండు సగాలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి, పక్కపక్కన పెడితే చాలు.

స్టూడియోలో జరిగింది ఇదీ: 29.97 వీడియోను 25 టైమ్‌లైన్ మీద పడేశారు. సాఫ్ట్‌వేర్ ముందు డీఇంటర్లేస్ చేసింది, అంటే ఫీల్డుల మధ్య తేడాను చెరిపేసింది. 480 గీతలను 576కు సాగదీసింది. 29.97ని 25కి తగ్గించడానికి పక్క పక్క ఫ్రేములను ఒకదానిలో ఒకటి కలిపేసింది. ఒకసారి కలిశాక పాలూ నీళ్లే, వేరు చెయ్యడానికి ఫిల్టర్ లేదు. వాళ్లది అశ్రద్ధ అనను. దువ్వెన గీతలు కనిపిస్తే డీఇంటర్లేస్ నొక్కమనే మాకందరికీ నేర్పారు. వీడియో కెమెరాతో తీసిన పెళ్లికి అది సరే. ఫిల్మ్ నుంచి వచ్చిన వీడియోకు మాత్రం అది చేయరాని పని.

అసలు రీలు సంగతి అడిగాను. తమ్ముడి ఇంట్లో ఏళ్ల తరబడి పడి ఉండి, వెనిగర్ వాసన కొట్టి, ముడుచుకుపోతే పారేశారట. ఎసిటేట్ ఫిల్మ్‌కు వచ్చే జబ్బే అది. 1980ల్లో దాని నుంచి అక్కడ ఎక్కించిన వీహెచ్ఎస్ క్యాసెట్ బూజు పట్టి పోయింది. ఆ క్యాసెట్‌ను డీవీడీ రికార్డర్‌లో వేసి రాసిన డిస్కు ఒక్కటే మిగిలింది. వారానికి ఆయన పసుపు గుడ్డలో చుట్టి దాన్నే తెచ్చాడు.

డిస్కు చదవడంలోనే రెండు రాత్రులు పోయాయి. అంచుల దగ్గర గీతలు. రెండు డ్రైవుల్లో మార్చి మార్చి చదివించి పూర్తి కాపీ తీశాను. తెరవగానే చూసింది సైజు: 720 బై 480. గుండె కుదుటపడింది. కొన్ని రికార్డర్లలో ఆరు గంటల మోడ్ పెడితే 352 బై 240తో రాసేస్తాయి. అంటే ప్రతి ఫ్రేములోనూ ఒక ఫీల్డు అక్కడికక్కడే గాల్లో కలిసినట్టే. ఆ తమ్ముడు రెండు గంటల మోడ్‌లో పెట్టాడు, ఆయనకు తెలియకుండానే నాయన వీడియోను కాపాడాడు.

డీవీడీ వీడియోను చదివి వివరాలు చూపే డీజీ ఇండెక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో వేసి చూస్తే 'ఫిల్మ్' అని చూపలేదు, మొత్తం వీడియోగానే చూపింది. కంపెనీలు వేసే సినిమా డీవీడీల్లో చాలావరకు 24 ఫ్రేములే ఉంటాయి, ఏ ఫీల్డును మళ్లీ చూపాలో ప్లేయరుకు గుర్తులు రాసి ఉంటాయి. ఆ గుర్తులను పట్టించుకోవద్దంటే చాలు, ఫిల్మ్ బయటికొస్తుంది. ఇక్కడ రికార్డరుకు వచ్చింది క్యాసెట్ సిగ్నల్. అది ఒకప్పుడు ఫిల్మ్ అన్న సంగతి దానికి తెలియదు. అదనపు ఫీల్డులు నిజంగానే డిస్కు మీద రాసి ఉన్నాయి. వాటిని బొమ్మను చూసే పట్టుకోవాలి.

మొదట కంటితో చూశాను. ఫీల్డులను విడదీసి, ఎడ్లు పరుగెత్తే చోట ఒక్కొక్కటే జరుపుతూ కాగితం మీద గీతలు గీశాను. రెండు, మూడు, రెండు, మూడు. లెక్క సరిపోయింది. ఫీల్డుల వరస కూడా అక్కడే తేల్చుకున్నాను: పై ఫీల్డు ముందు. ఇది తప్పుగా పెడితే కాలు ముందుకు వెళ్లి, వెనక్కి వచ్చి, మళ్లీ ముందుకు వెళ్తున్నట్టు వణుకుతుంది. ఏ ఎద్దు ముందు అడుగేసిందని అడిగిన కేసులో ఆ పొరపాటు చేస్తే ఇక చెప్పడానికేముంది.

అంతకుముందే గట్టిగా పెట్టుకున్న నియమం ఒకటుంది. ఫ్రేములు కూర్చేదాకా సైజు మార్చకూడదు, నాయిస్ తియ్యకూడదు, రంగులు ముట్టకూడదు. నిలువుగా ఒక్క గీత సాగదీసినా సరి గీతలూ బేసి గీతలూ కలిసిపోతాయి.

అవిసింత్ అనే వీడియో సాఫ్ట్‌వేర్‌లో టీఎఫ్ఎం, టీడెసిమేట్ అనే రెండు ఫిల్టర్లతో చేశాను. వేపర్‌సింత్‌లో వీఎఫ్ఎం, వీడెసిమేట్ ఇదే పని చేస్తాయి. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లోనైతే ఫీల్డ్‌మ్యాచ్, డెసిమేట్. మొదటి ఫిల్టర్ ప్రతి వీడియో ఫ్రేము నుంచి ఒక ఫీల్డును ఉంచుకుని, దానికి జోడీగా అదే ఫ్రేములోని రెండో ఫీల్డునూ, ముందు ఫ్రేములోదాన్నీ, తర్వాతి ఫ్రేములోదాన్నీ పెట్టి చూస్తుంది. ఏ జోడీలో దువ్వెన గీతలు లేకపోతే అది అసలు జోడీ. మన వరసలో పై ఫీల్డును ఉంచుకుంటే ఒకటీ రెండూ అదే ఫ్రేముతో, మూడూ నాలుగూ ముందు ఫ్రేముతో, ఐదోది మళ్లీ అదే ఫ్రేముతో జత కడతాయి. వచ్చేది క, చ, చ, ట, త. చ రెండుసార్లు వచ్చింది కదా. రెండో ఫిల్టర్ ప్రతి ఐదింటిలో నకలు ఒకటి వెతికి తీసేస్తుంది. మిగిలింది క, చ, ట, త. ఫిల్మ్.

చెప్పుకోవడానికి ఇంతే. క్యాసెట్ నుంచి వచ్చిన బొమ్మ దగ్గర ఇంత సాఫీగా జరగదు.

వీహెచ్ఎస్ బొమ్మలో అడుగున కొన్ని గీతలు ఎప్పుడూ చెదిరి ఉంటాయి, హెడ్డు మారే చోటు అది. ఫిల్టర్ దాన్ని చూసి ప్రతి ఫ్రేములోనూ దువ్వెన ఉందనుకుంది. పైగా ఎక్కించినప్పుడు గీతల వణుకు సరిచేసే టైమ్ బేస్ కరెక్టర్ వాడలేదు, గీతలు అడ్డంగా కొద్దికొద్దిగా వణుకుతున్నాయి. నిలబడ్డ మనిషి అంచు కూడా దువ్వెనలాగే కనిపిస్తుంది. మొదటి సారి అన్నీ మామూలు సెట్టింగుల మీద నడిపితే, అది శుభ్రంగా ఉన్న ఫ్రేములను కూడా అనుమానించి డీఇంటర్లేస్ చేసి పెట్టింది. స్టూడియోవాళ్లు చేసినదాన్నే నేనూ ఇంకో దారిలో చేశానన్నమాట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు మూడు మార్పులు చేశాను. మొదటిది, డీఇంటర్లేస్ పూర్తిగా ఆపి, అనుమానం ఉన్న ఫ్రేముకు గుర్తు మాత్రం పెట్టమన్నాను. రెండోది, దువ్వెన పరిమితిని మామూలు 9 నుంచి 13కు పెంచాను. మూడోది అన్నిటికంటే బాగా పనికొచ్చింది. ఫీల్డులను విడదీసి, వేటికవి మెత్తబరిచి, అడుగు గీతలను నల్లగా మూసిన ఇంకో నకలు తయారుచేశాను. ఏ ఫీల్డుకు ఏది జోడీ అన్న నిర్ణయం ఆ నకలు చూసి తీసుకోమని, బొమ్మను మాత్రం అసలు వీడియో నుంచి కూర్చమని టీఎఫ్ఎంకు చెప్పాను. దీనికి అందులో ప్రత్యేకంగా వీలుంది. తీర్పు మెత్తబరిచినదాని మీద, బొమ్మ అసలుదాని నుంచి. అనుమానపు గుర్తులు వందల నుంచి పదుల్లోకి దిగాయి.

ఇక కట్‌లు. అమెరికాలో క్యాసెట్‌కు ఎక్కించాక ఎవరో దాన్ని వీడియో మీద ఎడిట్ చేశారు, ముందు వెనకలు మార్చారు. ఎడిట్ జరిగిన ప్రతిచోటా 2-3 వరస తెగుతుంది. కట్‌కు ముందు చ దగ్గర ఆగి, తర్వాత త నుంచి మొదలవ్వచ్చు. ఆ ఐదు ఫ్రేముల్లో నకలు ఒకటీ లేకపోవచ్చు, రెండుండొచ్చు. నకలు తీసే ఫిల్టర్ మాత్రం ఐదుకొకటి తీసి తీరుతుంది. నకలు లేకపోతే నిజమైన ఫ్రేమును తీస్తుంది.

టీఎఫ్ఎం తీసుకున్న నిర్ణయాలన్నీ ఫైలులో రాయించుకుని, వరస తెగిన చోట్లు వెతికాను. 37 వచ్చాయి. 33 కట్‌లు, మిగతా 4 చోట్ల రికార్డర్ ఒక ఫ్రేమును మింగేసింది. వీడియోను 38 ముక్కలు చేసి, ప్రతి ముక్కకూ వేరుగా వరస కట్టాను. ఇది దాదాపు పది రాత్రుల పని. కట్ అంచున కొన్ని ఫిల్మ్ ఫ్రేములకు ఒక్క ఫీల్డే మిగిలింది, జోడీ కట్‌లో పోయింది. వాటిని ఒంటి ఫీల్డు నుంచి సాగదీసి ఉంచవచ్చు. నేను వదిలేశాను. సగం గీతలతో ఒక్క ఫ్రేము మెరిసి మాయమైతే కంటికి మచ్చలా తగులుతుంది.

మొదట్లో టైటిళ్లు కిందినుంచి పైకి పోతాయి. అవి వీడియో మీద వేసినవి, ఫీల్డు ఫీల్డుకూ కదులుతాయి. వెనక ఫిల్మ్‌కు జోడీ కుదిరితే అక్షరాలు చీలతాయి. ఆ కొద్ది సెకన్లలో అక్షరాలున్న భాగాన్ని మాత్రమే డీఇంటర్లేస్ చేశాను. ఒకదానిలో ఒకటి కరిగే డిజాల్వులు రెండున్నాయి. వాటికి ఏ జోడీ కుదరదు, ఉన్నదున్నట్టు ఒప్పుకున్నాను.

మరో ఆలోచన కూడా వచ్చింది. నకలుగా తీసేసే మూడో ఫీల్డు నిజానికి అదే బొమ్మకు రెండో రికార్డింగ్, దాని మీద నాయిస్ వేరు. రెండింటినీ సగటు చేస్తే నాయిస్ తగ్గుతుంది. చేసి చూశాను. చ, త ఫ్రేములు మెత్తబడ్డాయి, క, ట గరుకుగానే ఉన్నాయి, బొమ్మ ఊపిరి పీల్చుకుంటున్నట్టు కొట్టుకుంది. తీసేశాను.

తగువు తేలాల్సిన చోటు

అసలు షాట్ సంగతి. కాడి కట్టి, మోకు బిగించి ఉంది. ఎడ్లు మెడలు వంచి పట్టు పడుతున్నాయి. బండ ఇంకా కదల్లేదు. కెమెరా కాళ్ల మీద దగ్గరగా ఉంది. మూడు సెకన్ల దాకా అంతా నిలిచిపోయినట్టే ఉంటుంది, గంగడోలు మాత్రం సన్నగా అదురుతుంది. ఆ తర్వాత ఒక్క ఊపులో కదులుతాయి.

ఫిల్టర్ ఇచ్చింది నడిపితే సరిగ్గా ఆ ఊపు దగ్గర చిన్న గతుకు. ఒక్కొక్క ఫ్రేమూ చూశాను: ఒకేలాంటివి రెండు, వెంటనే గెంతు. నకలు ఉండిపోయింది, నిజమైన ఫ్రేము పోయింది. కారణం వెతికితే తేలికగానే దొరికింది. ఏది నకలో ఫిల్టర్ తేడాను కొలిచి తేలుస్తుంది. బొమ్మ నిశ్చలంగా ఉన్నప్పుడు ఐదు ఫ్రేములూ ఒకేలా ఉంటాయి, కొలిచే తేడా అంతా క్యాసెట్ నాయిసే. కాలు కొద్దిగా లేచిన ఫ్రేములో కదలిక కంటే పక్క ఫ్రేము నాయిస్ ఎక్కువైంది. దాంతో మాకు కావలసిన ఫ్రేమునే నకలనుకుని తీసేసింది.

దారి ఆ షాట్‌లోనే ఉంది. ఎడ్లు పట్టు పట్టకముందు కెమెరా జనం మీదుగా తిరుగుతుంది. అక్కడ కదలిక బాగా ఉంది కనుక వరస స్పష్టం. కదిలాక కూడా స్పష్టం. రెండు చోట్లా ఐదేసి చొప్పున లెక్కపెడితే వరస ఒకే చోట కలిసింది. అంటే మధ్యలో కట్ లేదు, రికార్డరూ ఏమీ మింగలేదు, ఆ నిశ్చలమైన మూడు సెకన్లలోనూ వరస అదే. ఇక ఫిల్టర్‌ను ఊహించనివ్వలేదు. ఆ ఫ్రేముల పొడవునా ఏది దేనితో జత కట్టాలో, ప్రతి ఐదింటిలో ఏది తీయాలో ఫైలులో నేనే రాసి ఇచ్చాను. రెండు ఫిల్టర్లూ అలాంటి ఫైలును తీసుకుంటాయి.

పోయిన ఫ్రేము వచ్చింది. అది ట రకం. సగం ఒక వీడియో ఫ్రేములో, సగం ఇంకోదానిలో ఉండిపోయి, ఎక్కించినప్పటి నుంచి ఎవరూ పూర్తిగా చూడని బొమ్మ. రెండు ఎడ్లకూ కలిపి ఎనిమిది కాళ్లు, అన్నీ విడివిడిగా.

లెక్కకు వస్తే, డిస్కులో 73,726 ఫ్రేములు. ఐదుకు నాలుగు చొప్పున 58,981 రావాలి. నాకు 58,962 వచ్చాయి. ఆ 19 కట్‌ల దగ్గర వదిలేసినవి. క్యాసెట్‌లో కలిపిన పాటలు బాబాయ్ వద్దన్నాడు, కనుక శబ్దం తప్పుతుందన్న బాధ లేదు. 23.976 దగ్గరే ఉంచాను, 25 చేయలేదు. ఇప్పటి టీవీలు పెన్‌డ్రైవ్ నుంచి దాన్ని బాగానే ఆడిస్తాయి. ఫ్రేములన్నీ కుదిరాకే అడుగు గీతలు కోసి, కొద్దిగా నాయిస్ తీసి, రంగు సర్ది, 640 బై 480గా చూడటానికి ఒక ఫైలు ఇచ్చాను. ఏమీ ముట్టని కూర్పును నాణ్యత ఏమాత్రం పోని ఎఫ్ఎఫ్‌వీ1 ఫార్మాట్‌లో వేరే డ్రైవులో దాచాను. డిస్కు కాపీ దాని పక్కనే ఉంది. రేపు నాకంటే బాగా చేసేవాళ్లు వస్తే వాళ్లకు కావలసింది అదే.

మనవడు ఏఐతో పెద్దది చేయించి నాయన ముఖం ఫ్రేము కట్టిద్దామన్నాడు. చేసి చూపించాను. చర్మం నున్నగా, కళ్లు మెరుస్తూ వచ్చింది. బాబాయ్ కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసి, "ఎవరబ్బాయ్ ఇది? మా నాయన కాదు" అన్నాడు. అది పక్కన పెట్టి, ఉన్న 480 గీతలతోనే ఆరంగుళాల ప్రింటు తీసిచ్చాను. గరుకుగానే ఉంది. దాన్ని జేబులో పెట్టుకున్నాడు.

తర్వాత ఆ షాట్ తెరిచి మీట ఆయన వేలి కింద పెట్టాను. ఒక్కొక్క ఫ్రేమూ నొక్కుతూ పోయాడు. నిశ్చలం, నిశ్చలం. ఒక చోట ఆగాడు. దాపటెద్దు ముందు కాలి గిట్ట నేల వదిలింది. ఎలపటిది ఇంకా నేల మీదే ఉంది. ఇంకో మూడు నొక్కితే గానీ అది లేవలేదు. వెంటనే తమ్ముడికి వీడియో కాల్ చేసి ఫోన్ మానిటర్ వైపు తిప్పాడు.

"ఒరే, చూడు. దాపటిదే."

అటు నుంచి కాసేపు మాట లేదు.

"కాలు సరే అన్నా, నాయన చెయ్యి చూడు. దాపటిదాని మూపురం మీద ఉంది."